అట్ట మీద పేపర్ చుట్టుకుని చదివేవాళ్లం

మేం థ్రిల్లర్లు చదువుతాం. ముందే ఒప్పేసుకుంటున్నాం. బాంబులు, గూఢచారులు, దొంగ పాస్‌పోర్టులు, రాయబార కార్యాలయాల్లో గుసగుసలు, ఆఖరి నిమిషంలో తెగే వైరు. అన్నీ చదువుతాం. ఇంట్లో అందరూ పడుకున్నాక లైటు ఆర్పకుండా చదువుతాం. మీరూ చదువుతారు. తేడా ఒక్కటే. మీరు రైల్లో అట్ట కనపడేట్టు పట్టుకుని చదువుతారు. మేం అట్ట మీద పేపర్ చుట్టుకుని చదువుతాం.

ఎందుకో తెలుసా? ఆ అట్ట మీద గడ్డం ఉన్న మనిషి బొమ్మ ఉంటుంది. అతని చేతిలో తుపాకీ ఉంటుంది. ఆ గడ్డం మా మొహం మీదా ఉంటే పక్క సీటాయన ముందు పుస్తకం చూస్తాడు. తర్వాత మమ్మల్ని చూస్తాడు. ఆ తర్వాత సీటు కిందున్న మా బ్యాగు చూస్తాడు. "ఎందాక?" అంటాడు. "పేరేంటి?" అంటాడు. పేరు చెప్పాక ఇంకేం అడగడు. ఆ అడక్కపోవడంలోనే అంతా ఉంది.

సెక్యులర్ మిత్రులు నవ్వుతారు. నవలే గదా, దీనికింత బాధపడాలా అంటారు. పడాలి. మీరు ఆ నవలకి పాఠకులు మాత్రమే. మేం పాఠకులమూ, పాత్రలమూ. మమ్మల్ని అడక్కుండా రాసేసిన పాత్రలం.

మేం మొదట్నుంచీ ఇట్లా భయపడుతూ చదివినవాళ్లం కాదు. మా అబ్బాల ట్రంకు పెట్టెల్లో ఇబ్నె సఫీ ఉండేవాడు. అసలు పేరు అస్రార్ అహ్మద్. 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలుపెట్టాడు. అదే ఏడాది పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1980లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. దేశం రెండు ముక్కలైనా ఆయన పాఠకులు రెండు వైపులా మిగిలారు. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్, ఆ తర్వాత 1955 నుంచి అలీ ఇమ్రాన్. వీళ్లు మా హీరోలు. ఫరీదీ అనే పేరున్న మనిషి నేరస్థుణ్ణి పట్టుకునే అధికారి. అది వింత కాదు, గొప్పా కాదు. మామూలు సంగతి. ఆయన నవలల్లో లోకాన్ని ఏలాలని చూసే ముఠా ఉండేది. దాని పేరు జీరోలాండ్. ఏ మ్యాప్‌లోనూ లేని చోటు. ఏ మతానికీ చెందని చోటు. ఉర్దూ చదవడం మదర్సాలో నేర్చుకున్నామో లేదో గానీ, ఉర్దూ తాగడం మాత్రం ఇబ్నె సఫీ దగ్గరే నేర్చుకున్నాం.

తెలుగు మాకు అద్దె పుస్తకాల షాపు నేర్పింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో. రోజుకి అర్ధో రూపాయో ఇచ్చి తెచ్చుకుని, గడువు దాటితే ఇంకో అర్ధ రూపాయి పడుతుందని గబగబా చదివేసేవాళ్లం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, రెండింటా జాసూసులే. ఇంగ్లీషు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. చిరిగిన అట్టలు, మొదటి పేజీలో ఎవరిదో సంతకం. అక్కడే ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జకాల్' కొన్నాం.

1971లో వచ్చిన నవల అది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ణి పెడతారు. పెట్టిందెవరు? ఓఏఎస్. అల్జీరియా ఫ్రాన్సు చేతుల్లోనే ఉండాలని పట్టుబట్టిన సైనికాధికారుల, వలస తెల్లవాళ్ల ముఠా. నిజంగా ఉన్న ముఠా. అల్జీర్స్ వీధుల్లో అరబ్బుల్ని కాల్చి చంపిన ముఠా. 1962 ఆగస్టులో పారిస్ శివార్లలో డిగాల్ కారు మీద నిజంగానే కాల్పులు జరిపారు. ఆ పని నడిపించిన అధికారిని 1963లో కాల్చి చంపారు. ఫోర్సైత్ నవల అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఆ నవల లక్షలమంది చదివారు. చదివాక ఏ క్యాథలిక్ మనిషినైనా ఎవరైనా నిలదీశారా? మీ చర్చిలో ఏం చెప్తున్నారని అడిగారా? హంతకుడు తెల్లజుట్టు తెల్లదొర. ఆ తర్వాత తెల్లదొరలందరూ విమానాశ్రయాల్లో పక్కన నిలబడ్డారా? లేదు. జకాల్ ఒక మనిషి. అతని నేరం అతనిది. అతని మతం, అతని భాష, అతని అమ్మ వంట, ఏవీ నేరంలో భాగం కాలేదు. మేం అడిగేది ఈ ఒక్కటే. ఈ మర్యాద మా పేర్లకి ఎందుకు లేదు?

1975లో థామస్ హారిస్ 'బ్లాక్ సండే' వచ్చింది. పాలస్తీనా ముఠా, అమెరికాలో ఆట చూసే జనం మీదికి గాలినౌకలో బాంబు. 1980లో 'ది ఫిఫ్త్ హార్స్‌మన్' వచ్చింది. రాసింది 'ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్' రాసిన ఇద్దరే, లారీ కాలిన్స్, డొమినిక్ లాపియెర్. న్యూయార్క్‌లో హైడ్రోజన్ బాంబు, దాని వెనక గడాఫీ. 1991లో టామ్ క్లాన్సీ 'ది సమ్ ఆఫ్ ఆల్ ఫియర్స్' వచ్చింది. పోగొట్టుకున్న ఇజ్రాయెల్ అణుబాంబు పాలస్తీనా ఉగ్రవాదుల చేతికి చిక్కి డెన్వర్‌లో పేలుతుంది. సోవియట్ యూనియన్ కూలిపోతున్న రోజులవి. రష్యావాడు విలన్ ఉద్యోగం వదిలేస్తున్నాడు. ఆ ఖాళీలో మమ్మల్ని పర్మినెంట్ చేశారు.

ఇలాంటి నవలలు మేం ఎట్లా చదువుతామో మీకు తెలియాలి. రెండొందల పేజీ దాకా మేమూ హీరో పక్కనే పరిగెత్తుతాం. అతని కారులో మేమూ కూచుంటాం. అతనికి దెబ్బ తగిలితే అబ్బా అనుకుంటాం. అప్పుడు విలన్ బయటికొస్తాడు. అతని పేరు మా మామూ పేరు. బాంబు పెట్టే ముందు అతను వజూ చేసుకుంటాడు. బిస్మిల్లా అని బటన్ నొక్కుతాడు. మా ఇంట్లో అమ్మీ ఎసట్లో బియ్యం పోసేటప్పుడు అనే మాట అది. పిల్లాడికి మొదటి ముద్ద పెట్టేటప్పుడు అనే మాట అది. రచయిత దాన్ని బాంబుకి వైరు చేసి కట్టాడు. అక్కడ మేం పుస్తకం మూసెయ్యం. అదే మా సిగ్గు. ఏమవుతుందో తెలుసుకోవాలని ఇంకా చదువుతాం. మా మామూ పేరున్నవాడు ఎప్పుడు చస్తాడా అని ఎదురుచూస్తూ చదువుతాం.

విలన్ మతం కథకి అంత అవసరమా? అవసరం లేదని వాళ్లే నిరూపించారు. 'ది సమ్ ఆఫ్ ఆల్ ఫియర్స్'ని 2002లో సినిమా తీసినప్పుడు విలన్లని మార్చి కొత్త నాజీలని పెట్టారు. బాంబు పేలడం ఆగిందా? పేలింది. ఊరు మారింది, అంతే. ఉత్కంఠ తగ్గలేదు. అంటే ఆ బాంబుకి మా మతం ఇంధనం కాదు. అది రచయితకి చేతికి దగ్గరగా ఉన్న రంగు డబ్బా మాత్రమే.

అదే క్లాన్సీ 1994లో 'డెట్ ఆఫ్ ఆనర్' రాశాడు. అందులో ఒక పెద్ద ప్రయాణికుల విమానాన్ని తెచ్చి అమెరికా పార్లమెంటు భవనం మీద కూలుస్తారు. కూల్చింది జపాన్ పైలట్. 2001 సెప్టెంబర్ 11న నిజం విమానాలు నిజం భవనాలని కూల్చినప్పుడు టీవీవాళ్లు క్లాన్సీని పిలిచి మాట్లాడించారు. నవలా రచయిత నిపుణుడయ్యాడు. బాగుంది. కానీ ఆ నవల చదివి ఏ జపాన్ మనిషినీ ఎవరూ విమానంలోంచి దించలేదు గదా.

ఇంకో రకం నవలలున్నాయి. ఫోర్సైత్‌వే. 1994లో 'ది ఫిస్ట్ ఆఫ్ గాడ్', 2006లో 'ది అఫ్ఘాన్'. రెండింట్లో మైక్ మార్టిన్ అనే బ్రిటిష్ సైనికాధికారి. అరబ్బీ వచ్చు, రంగు కలుస్తుంది. మొదటి దాంట్లో అరబ్బుల మధ్య అరబ్బు అవుతాడు. రెండోదాంట్లో జైల్లో ఉన్న ఒక తాలిబాన్ నాయకుడి స్థానంలోకి వెళ్తాడు. అతను మా వేషం వేసుకుంటే హీరో. మేం మా వేషంలో మేముంటే అనుమానితులం. మమ్మల్ని అర్థం చేసుకోవాలన్నా మాలోంచి ఒకడు పనికిరాడు. మాలా నటించేవాడు కావాలి.

అన్నట్టు, ఈ నవలల్లో మంచి ముస్లిం కూడా ఉంటాడు. ఉంటాడు లెండి, మేం కాదనం. హీరోకి దారి చూపిస్తాడు. టీ ఇస్తాడు. తనవాళ్ల రహస్యం చెప్పేస్తాడు. ఆఖరి అధ్యాయానికి ముందే హీరో చేతుల్లో చచ్చిపోతాడు. బతికి ఇల్లు చేరి పెళ్లాం పిల్లలతో కూచుని అన్నం తినే ముస్లిం ఎన్ని థ్రిల్లర్లలో దొరుకుతాడు? మహమూద్ మమ్దానీ 2004లో ఈ మంచి ముస్లిం, చెడ్డ ముస్లిం లెక్క మీద ఒక పుస్తకమే రాశాడు. ముస్లిం ముందు అనుమానితుడు, మంచివాడని రుజువు చేసుకునే పూచీ అతనిదే అనే లెక్క అది. ఆ రుజువు నవల్లో చావుతో ఇవ్వాలి. ఇక్కడ క్రికెట్ మ్యాచ్ రోజున చప్పట్లతో ఇవ్వాలి.

ఇంకా నవలే గదా అంటారా? అయితే ఒక నవల ఏం చేయగలదో చెప్తాం.

1960లో ఫ్రాన్స్‌లో 'సెంచూరియన్లు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక నవల వచ్చింది. రచయిత జాఁ లార్తెగీ. ముందు సైనికుడు, తర్వాత యుద్ధవార్తలు రాసిన విలేఖరి. మా వృత్తివాడే. అల్జీరియా యుద్ధం కథ. అందులో ఒక అరబ్బు పట్టుబడతాడు. షాపుల్లో బాంబులు పేలడానికి కొన్ని గంటలే ఉంది. పెద్దమనిషి తరహా సైనికాధికారి ఏం చేయాలి? చేయకూడనిది చేస్తారు. బాంబులు ఎక్కడున్నాయో తెలుస్తుంది. జనం బతుకుతారు. పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు. ఊపిరి పీల్చుకున్నప్పుడే చిత్రహింసకి సంతకం పెట్టేశాడు. అది అతనికి తెలియదు. గడియారం కొట్టుకుంటోంది కాబట్టి కొట్టొచ్చు అనే ఈ వాదన ఆ నవల్లోంచే లోకానికి పాకిందని డేరియస్ రెజాలీ అనే పరిశోధకుడు 2007లో చిత్రహింసల చరిత్ర రాస్తూ చెప్పాడు.

అదే అల్జీర్స్‌లో నిజంగా ఏం జరిగింది? ఆన్రి అలెగ్ అనే పత్రికా సంపాదకుణ్ణి 1957 జూన్‌లో పారాచూట్ సైనికులు పట్టుకెళ్లారు. కరెంటు పెట్టారు, నీళ్లు పట్టించారు. ఏ బాంబు కోసం? ఏ బాంబూ లేదు. అతనికి ఆశ్రయం ఇచ్చింది ఎవరో చెప్పమని. గడియారమే లేదు. అతను చెప్పలేదు. జైల్లోంచి దొంగచాటుగా కాగితాలు బయటికి పంపాడు. 1958లో అది చిన్న పుస్తకంగా వచ్చింది. ప్రభుత్వం దాన్ని జప్తు చేసింది. ఆ రోజుల్లోనే అతని స్నేహితుడు మోరిస్ ఆదాఁ అనే గణితం టీచర్ని పట్టుకెళ్లారు. అతను మళ్లీ కనిపించలేదు. సైన్యమే బాధ్యత అని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకోడానికి 2018 దాకా పట్టింది.

చూశారా? నిజం రాసిన విలేఖరి పుస్తకం జప్తు అయింది. కట్టుకథ రాసిన విలేఖరి పుస్తకం లక్షల్లో అమ్ముడై, 1966లో హాలీవుడ్ సినిమా అయింది. లోకం గుర్తుపెట్టుకున్న గడియారం రెండోదే.

ఆ గడియారం అమెరికా టీవీలో '24' అనే సీరియల్‌గా 2001 నవంబర్ నుంచి కొట్టుకుంది. హీరో ప్రతివారం ఎవరినో హింసిస్తాడు, ప్రతివారం నిజం కక్కిస్తాడు. 2006 నవంబర్‌లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల డీన్, బ్రిగేడియర్ జనరల్ హోదా ఉన్న మనిషి, ఆ సీరియల్ తీసేవాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లాడు. మీ కథ చూసి మా పిల్లలు చెడిపోతున్నారు, హింస తప్పని చెప్పినా వినడంలేదు, తగ్గించండి అని అడిగాడు. అంటే ఏంటి? ఉత్త కథ అని మీరంటున్నదాన్ని ఒక సైన్యం పాఠంగా లెక్కపెట్టి భయపడింది.

ఆ గడియారం మా ఊరికీ వచ్చింది. 2007 మే 18. శుక్రవారం. మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది చనిపోయారు. చచ్చినవాళ్లు మావాళ్లు. ఆ తర్వాత పట్టుకెళ్లింది మావాళ్లనే. పదుల సంఖ్యలో కుర్రాళ్లు. కరెంటు షాకులు పెట్టారని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ విచారణలో ఆ మాటలు రికార్డయ్యాయి. తర్వాత ఏళ్లకి కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. 2011 చివర్లో ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. విడుదలైనవాళ్లకి 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసినవాళ్లకి 20 వేలు. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. 2018 ఏప్రిల్‌లో మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురూ విడుదలయ్యారు. వాళ్లు మావాళ్లు కారు. ఇప్పుడు ఆ కేసులో శిక్షపడినవాడు ఒక్కడూ లేడు. ఏ థ్రిల్లర్ రచయితా ఇట్లాంటి ముగింపు రాయడు. పాఠకుడు డబ్బులు వెనక్కిమ్మంటాడు.

ఇక్కడ మా తప్పు మేం చెప్పుకోవాలి. మాలో కొందరం అప్పుడు కొత్తగా పత్రికల్లో చేరాం. ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, పాతబస్తీ తెలుసు. అందుకే ఆ వార్తలు మాకే ఇచ్చారు. రాత్రి తొమ్మిదింటికి పోలీసులు చెప్పేవాళ్లు. పదింటికి పేజీ వెళ్లిపోవాలి. గడియారం మా బల్ల మీదా కొట్టుకుంది. 'మాస్టర్‌మైండ్' అని రాశాం. 'స్లీపర్ సెల్' అని రాశాం. 'మాడ్యూల్', 'హ్యాండ్లర్', 'కోడ్ భాష' అని రాశాం. ఈ మాటలు మాకు ఏ జర్నలిజం క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొనుక్కున్న నవలల్లో నేర్చుకున్నాం. పోలీసాయన కూడా అవే చదివాడో ఏమో, ఒకరి మాట ఒకరికి టక్కున అర్థమయ్యేది. పంక్చర్లు వేసుకునే ఒక కుర్రాణ్ణి పేలుడు పదార్థాలు తెలిసినవాడని రాశాం. వాడికి తెలిసింది ట్యూబులో గాలి కొట్టడం. వాడి అమ్మ పేపర్ పట్టుకుని మా ఆఫీసు మెట్ల దగ్గరికొచ్చింది. "బేటా, ఇందులో ఏం రాశారో చదివి పెట్టు" అంది. ఆమెకి తెలుగు చదవడం రాదు. ఆ వార్త రాసినవాడే ఆమెకి చదివి వినిపించాలి. మేం వినిపించలేదు. ఎడిటర్ లేడని చెప్పి పంపించేశాం. ఈ వ్యాసం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది అందుకే.

ఆ ఏడాదే మా ఇంట్లో ఇంకోటి జరిగింది. పక్క గల్లీలో సోదాలు జరిగాయని తెలిసిన రాత్రి అమ్మీ మా అల్మారా తెరిచింది. తుపాకీ బొమ్మ ఉన్న పుస్తకాలన్నీ తీసింది. ఫోర్సైత్ పోయాడు, క్లాన్సీ పోయాడు. సరే అనుకున్నాం. తర్వాత అబ్బా ట్రంకు పెట్టె తెరిచింది. "ఇవి ఇబ్నె సఫీ, అమ్మీ. జాసూసీ కథలు" అన్నాం. అమ్మీ ఒక పుస్తకం ఎత్తి చూపించింది. పైన పిస్తోలు బొమ్మ, కింద ఉర్దూ అక్షరాలు. "చదవడం రానివాళ్లకి ఇది ఏం పుస్తకంలా కనిపిస్తుందో చెప్పు" అంది. మా దగ్గర జవాబు లేదు. పొద్దున రద్దీవాలా వచ్చాడు. కిలోల లెక్కన తూచుకుపోయాడు. నేరస్థుల్ని పట్టుకునే కర్నల్ ఫరీదీ మా ఇంట్లోంచి నేరస్థుడిలా వెళ్లిపోయాడు. అబ్బా ఏమీ అనలేదు. తర్వాత ఆయన మళ్లీ నవల పట్టుకోలేదు.

ఇది అమ్మీ పిరికితనం అనకండి. పుస్తకం మనిషి మీద ముద్ర వేయగలదని ఆమెకి లోకజ్ఞానం చెప్పింది. 1975లో లండన్‌లో ఒక ఇంట్లో కార్లోస్ అనే వెనిజులా వాడి ఆయుధాల సంచి దొరికింది. ఆ ఇంటి షెల్ఫులో 'ది డే ఆఫ్ ది జకాల్' కనపడింది. ఒక విలేఖరి చూశాడు. కార్లోస్‌కి 'జకాల్' అని పేరు పడిపోయింది, ఇప్పటికీ పోలేదు. ఆ పుస్తకం అతనిది కాదని తర్వాత తేలింది. అతను నిజంగా హంతకుడే. అయినా చూడండి, పక్కనున్న పుస్తకం పేరు మనిషి పేరయిపోయింది. మరి నిర్దోషి ఇంట్లో దొరికితే?

ఇంకో పుస్తకం సంగతి కూడా వినండి. 1978లో అమెరికాలో 'ది టర్నర్ డైరీస్' అనే నవల వచ్చింది. రాసినవాడు విలియం పియర్స్ అనే తెల్లజాతి దురహంకారి, మారు పేరుతో రాశాడు. అందులో లారీలో పేలుడు పదార్థాలు నింపి ప్రభుత్వ భవనం పేల్చేస్తారు. తిమోతీ మెక్‌వే దాన్ని చదివాడు, తుపాకుల సంతల్లో అమ్మాడు, స్నేహితులకి పంచాడు. 1995 ఏప్రిల్ 19న ఓక్లహామా సిటీలో లారీ నిండా పేలుడు పదార్థాలు నింపి ప్రభుత్వ భవనం పేల్చాడు. 168 మంది చనిపోయారు, చంటిపిల్లలతో సహా. థ్రిల్లర్ చదివి బాంబు పెట్టినవాడు నిజంగా ఉన్నాడు. కానీ ఆ రోజు మొదటి గంటల్లో అనుమానం ఎవరి మీదికెళ్లింది? మధ్యప్రాచ్యం వాళ్ల మీదికి. జోర్డాన్ మూలాలున్న ఒక అమెరికా పౌరుణ్ణి లండన్ విమానాశ్రయంలో ఆపి వెనక్కి పంపారు. తెల్లవాడి నేరానికి కూడా మొదటి జవాబు మేమే చెప్పుకోవాలి.

అయితే మావాళ్లు ఎవరూ బాంబులు పెట్టలేదా? ఈ ప్రశ్న మీ నోట్లో ఉందని తెలుసు. పెట్టారు. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో నలభై మందికి పైగా చనిపోయారు. చాట్ తినడానికి వచ్చినవాళ్లు. ఆ కేసులో 2018లో ఇద్దరికి మరణశిక్ష పడింది. ఇద్దరూ ముస్లింలే. మేం దాన్ని దాచం, సమర్థించం. ఆ రాత్రి ఉస్మానియా మార్చురీ ముందు నిలబడి పేర్లు రాసుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. మేమనేది ఒకటే. ఆ ఇద్దరి నేరం ఆ ఇద్దరిది, వాళ్ల వెనకున్నవాళ్లది. పంక్చర్ కుర్రాడిది కాదు.

మా ఖౌమ్‌తోనూ ఒక మాట. నసీం హిజాజీ నవలల్ని మనం ఎంత ఇష్టంగా చదివాం! గుర్రమెక్కిన మన హీరో, కింద పడి ఉన్న పేరు లేని శత్రువు. ఆ శత్రువుకీ అమ్మ ఉంటుందని ఆ నవలల్లో మనకి తోచిందా? మొహం లేని శత్రువు రుచి మనమూ మరిగాం. ఇప్పుడు ఆ మొహం లేని చోట మనల్ని నిలబెడితే నొప్పి తెలిసింది. ఇంకోటి. నచ్చని పుస్తకాన్ని నిషేధించమనడం మన పెద్దలకి అలవాటైంది. 1988లో రష్దీ నవల మీద నిషేధం తెచ్చుకున్నారు. ఏం మిగిలింది? చదవకుండానే మండిపడేవాళ్లనే పేరు మిగిలింది. మేం ఫోర్సైత్‌ని నిషేధించమనం. క్లాన్సీని తగలబెట్టమనం. చదువుతాం. ఇంకా ఎక్కువ చదువుతాం. కానీ ఇకమీదట ప్రశ్నలు వేస్తూ చదువుతాం.

మీరూ వేయండి. విలన్‌కి ఇల్లుందా? అతని ఊరి మీద అంతకుముందు ఏం జరిగిందో ఒక్క పేజీ అయినా ఉందా? హీరో కొట్టినవాడు నిర్దోషని తేలిన నవల ఒక్కటైనా చదివారా? గడియారం లేకపోతే ఈ కథలో హీరో చేసే పనిని ఏమంటారు? ఈ నాలుగూ అడిగితే థ్రిల్ పోతుందని భయపడకండి. జాన్ ల కారే 2008లో 'ఎ మోస్ట్ వాంటెడ్ మ్యాన్' రాశాడు. హాంబర్గ్‌కి పారిపోయి వచ్చిన ఒక చెచెన్ ముస్లిం కుర్రాడు, అతని చుట్టూ మూడు దేశాల గూఢచారులు. ఆ నవల్లో మాకు భయం వేసింది కుర్రాణ్ణి చూసి కాదు, అతన్ని వేటాడేవాళ్లని చూసి. మేం అట్ట మీద పేపర్ చుట్టకుండా చదివిన పుస్తకం అది. కాబట్టి రాయొచ్చు. రాసేవాడికి చిత్తం ఉండాలి.

అసలు మా ఇళ్లల్లో ఉన్నంత థ్రిల్లర్ ఎక్కడుంది? 2002 సెప్టెంబర్‌లో అక్షరధామ్ గుడి మీద దాడి జరిగింది. ఆ కేసులో ఆరుగురికి శిక్షలు పడ్డాయి, ముగ్గురికి ఉరి. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులంది. వాళ్ల ఒప్పుకోలు పత్రాలు నమ్మదగినవి కావంది. ఒక మనిషి ఉరికంబం దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. ఇంటికెళ్లేసరికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు. థ్రిల్లర్లు అరెస్టుతో అయిపోతాయి. మా కథ అక్కణ్ణుంచి మొదలవుతుంది. వకీలు ఫీజులు, ములాఖత్ క్యూలు, ఆగిపోయిన చెల్లెలి నిఖా, ఇల్లు అద్దెకివ్వని ఓనరు. ఈ నవలలు మేం రాయాలి. ఉర్దూలో రాయాలి, తెలుగులో రాయాలి. పంక్చర్ కుర్రాడి అమ్మకి చదివి వినిపించగలిగేట్టు రాయాలి.

ఈమధ్య ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత ఇబ్నె సఫీ దొరికింది. పైన అదే పిస్తోలు బొమ్మ. కొన్నాం. రైల్లో తెరిచి చదువుతున్నాం. పేపర్ చుట్టలేదు.

మా పక్క సీటు మీకు దొరికితే ఒక పని చేయండి. ముందు ఏం చదువుతున్నారని అడగండి. పేరు తర్వాత అడగొచ్చు.